నత్తకు పెట్టిన పేరు

"నత్తకా? పోయి పోయి నత్తకా మా చెల్లెలి పేరు పెట్టావు?"

ముసల్లం చేతిలోని కాఫీ గిన్నె ఠపీమని కింద పడింది. బోటు అతనిది, కెప్టెనూ అతనే. హల్లానియాత్ దీవుల్లో సముద్రజీవుల్ని పరిశోధించడానికి వచ్చిన బృందమంతా మధ్యాహ్నం పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని ఉంది. చేతులన్నీ అన్నం మీదే ఆగిపోయాయి.

అజ్జాన్ నాలుక కరుచుకున్నాడు. మస్కట్ కుర్రాడు. దీవి పక్కన రాళ్ల సందులో, ఇంతవరకూ ఎవరూ చూడని నీలం అంచు నత్త ఒకటి అతనికి దొరికింది. పేరు పెట్టే అవకాశం అతనిదే. సంతోషం పట్టలేక "తుఫూల్!" అని అందరి ముందూ అనేశాడు.

ముసల్లం చెల్లెలు తుఫూల్ కూడా ఆ బృందంలోనే పరిశోధకురాలు. మూడేళ్లుగా ఆ బోటులో అందరూ ఆమెను డాక్టరమ్మ అనే పిలుస్తున్నారు. ఆడపిల్ల పేరు పరాయి మగవాళ్లు నలుగురిలో పలకడం ఆ ఇళ్లలో మర్యాద కాదు. అజ్జాన్‌కు తెలియనిదేం కాదు. కన్నతల్లి పేరు స్నేహితులకు చెప్పకుండానే చదువు ముగించినవాడు! కానీ ఒంటరిగా ఉన్నప్పుడల్లా ఆ పేరే అనుకుని అనుకుని, అది నాలుక చివర కాపురం పెట్టేసింది. ఏం చేస్తాడు పాపం!

తుఫూల్ పళ్లెం ముందు నుంచి లేచి వెళ్లి సీసాలు కడుగుతూ కూర్చుంది.

సాయంత్రం ఆఖరిసారి నీళ్లలోకి దిగారు. జంటగా దిగేవాళ్లు ఒకరి గాలి ట్యాంకు ఒకరు సరిచూడాలి. ఆమె అతని పట్టీలు బిగించింది, గొట్టం చూసింది, అతని కళ్లలోకి మాత్రం చూడలేదు. రేపు బోటు వెనక్కి వెళ్లిపోతుంది. ఖరీఫ్ అనే ఈ తీరపు వానాకాలం మొదలైతే ఇటువైపు సముద్రంలోకి ఎవరూ రారు. ఆమె మిర్బాత్‌లో, తను మస్కట్‌లో. ఈ కోపంతోనే విడిపోతే ఎలా?

పైకి రాగానే ధైర్యం చేశాడు.

"డాక్టరమ్మా, తప్పయిపోయింది. పేరు మార్చేస్తాను. వ్యాసం ఇంకా అచ్చు కాలేదుగా."

"ఏం పెడతారు?"

"దీవి పేరు."

"ఓహో. అంటే నా పేరుకు తగ్గ అందం దానికి లేదన్నమాట!"

"అయ్యో, అలా కాదు..."

"మరెలా?" ఆమె ఇటు తిరిగింది. "ఇన్నాళ్లు పక్కపక్కనే మునిగాం. ఒక్కసారైనా నా పేరు నాతో అన్నారా? నాతో అనకుండా ఊరందరితో అన్నారు. నా కోపం దానికి, నత్తకు కాదు."

అజ్జాన్ మెల్లగా అడిగాడు.

"అనొచ్చా?"

"హక్కున్నవాళ్లు అంటారు." ముఖం తిప్పుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అతను తడిబట్టలతోనే చుక్కాని దగ్గరికి పరుగెత్తాడు.

"ఏమయ్యా, మళ్లీ ఏం దొరికింది? ఈసారి మా నాయనమ్మ పేరా?" అన్నాడు ముసల్లం.

"కాదన్నా. మా నాన్నను తీసుకుని మీ ఇంటికి వస్తాను."

ముసల్లం అతన్ని ఎగాదిగా చూశాడు. చూసి చూసి మీసంలో నవ్వుకున్నాడు.

"ఖరీఫ్‌లో రండి. వాన చూడ్డానికి దేశమంతా వస్తుంది. ఎందుకొచ్చారని ఎవరూ అడగరు."

వానలు మొదలయ్యేదాకా ఆ నెలరోజులూ మస్కట్ ఎండలో అజ్జాన్ ఎలా బతికాడో ఆ దేవుడికే తెలియాలి. ఫోన్లో వాతావరణ వార్తలు తప్ప ఇంకేం చూడలేదు. మిర్బాత్‌లో తుంపర పడిందని తెలిసిన రోజే తండ్రిని కారెక్కించాడు.

పెద్దవాళ్లు ముందుగది తలుపులు వేసుకుని మాట్లాడుకున్నారు. చివరికి తుఫూల్ తండ్రి అజ్జాన్‌ను లోపలికి పిలిచాడు.

"ఆ పేరు నిజంగానే మార్చేశావా అబ్బాయ్?"

"మార్చేశానండీ."

"మంచి పని చేశావు. మా అమ్మాయి పేరు నత్తకెందుకు? నువ్వే పిలుచుకో."

నిఖా చదివించారు. లోపలి గదిలో, తుంపర పడుతున్న కిటికీ దగ్గర ఆమె నిలబడి ఉంది. అజ్జాన్ వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు. ఎన్నివేలసార్లు అనుకున్న పేరో!

"తుఫూల్."

ఆమె కళ్లు మూసుకుంది.

"ఇంకోసారి," అంది.