జారిన కుట్లు

"మీ ఆయన మోచేతులకి పళ్ళున్నాయేమోనే! ఏటా ఇదే చోట చిరుగుతుంది" అంటూ అత్తగారు స్వెట్టర్‌ను కుర్చీలో పెట్టి స్నానానికి లేచింది.

కోడలు నవ్వింది. స్నానాలగది తలుపు పడిన చప్పుడు వినగానే ఆ నవ్వు మాయమై, గబగబా స్వెట్టర్ అందుకుంది. కోల్డ్ స్టోరేజీలో పనిచేసే భర్తకు అది లేనిదే పూట గడవదు. చిరిగిన మోచేతి దగ్గర అత్తగారు కొత్త ఊలుతో అతుకు అల్లుతోంది. ఇవాళ అందులో ఎక్కడపడితే అక్కడ కుట్లు జారిపోయాయి. కోడలు ఆ వరసలు విప్పి, మళ్ళీ అల్లి, ఏమీ ఎరగనట్టు ఉన్నచోటే పెట్టేసింది.

అత్తగారు ఏది అల్లినా, నెలల తరబడి సాగుతున్న దొంగతనం ఇది. మొదటిసారి కుట్టు తప్పిన రోజు అత్తగారు అన్నం ముట్టలేదు. "ఇక నేనెందుకూ పనికిరాను" అంటూ గోడవైపు తిరిగి పడుకుంది. అది చూడలేకే కోడలు ఈ పనికి ఒడిగట్టింది. తప్పులు దిద్దడం అలవాటైంది గానీ, అవి ఎందుకు వస్తున్నాయో అడగాలని పిచ్చిదానికి తోచలేదు.

స్నానం చేసి వచ్చిన అత్తగారు అతుకును వేళ్ళతో తడుముతూ తడుముతూ ఆగిపోయింది.

"ఇది నా చెయ్యి కాదు. నేను బిగించి అల్లుతాను, ఇది వదులుగా ఉంది. నువ్వు ముట్టుకున్నావా?"

"ఏదో... ఒక కుట్టు జారితే..."

"ఒకటేనా? నిజం చెప్పు!"

కోడలు తల వంచుకుని అంతా చెప్పేసింది. తిట్లు తప్పవనుకుంది. అత్తగారి మొహం మాత్రం పాలిపోయింది.

"ఎంత పని చేశావే తల్లీ! ఎడమ కన్ను మసకేస్తోందని చెబితే అబ్బాయి డాక్టర్ దగ్గరికి రమ్మంటే నేనే రానన్నాను. కుట్టు తప్పట్లేదు కదా, కళ్ళకేం రోగం అనుకున్నాను. ఈ అల్లిక చూసుకునే ధైర్యంగా ఉన్నానే!"

కోడలు వంటింట్లోకి పరుగెత్తింది. స్టవ్ ఆర్పేసి, బండి పిలిచి, అత్తగారిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"ఎడమ కంటి నరం దెబ్బతింది. పోయిన చూపు రాదు" అంది డాక్టరమ్మ. "కుడి కంటికీ మొదలైంది. ఇవాళ్టి నుంచే మందు వేస్తే నిలుస్తుందేమో. ముందే రావలసిందమ్మా!"

ఇంటికి రాగానే కోడలు అత్తగారి కాళ్ళ దగ్గర కూలబడింది.

"మీ కన్ను నేనే పోగొట్టానత్తయ్యా! తిట్టండి, కొట్టండి!"

"నీ మీద కోపం లేదంటే అబద్ధమే" అంది అత్తగారు. "కానీ నేను అలిగి అన్నం మానేయకపోతే నువ్వు దాచేదానివా? నిజం చెబితే నేను తట్టుకోలేనని నేనే కదే నిన్ను భయపెట్టింది."

సూదులు అందుకుని ఒక వరస అల్లి, కోడలి ముందుకు తోసింది.

"ఎలా ఉంది?"

'బాగుంది' అనే మాట కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. బలవంతాన మింగేసింది.

"మధ్యలో రెండు జారాయత్తయ్యా."

అత్తగారు అల్లిక పక్కకు నెట్టింది. కోడలి తలను ఒళ్ళోకి లాక్కుని బావురుమంది.

"ఇలాగే చెప్పు తల్లీ. రేపు అన్నీ జారినా సరే, అన్నీ జారాయనే చెప్పు."