కొట్టేసిన మూలం

"ఈ మిషన్‌కి నువ్వు పనికిరావు," అన్నాడు చీఫ్.

ఏజెంటు కుర్చీలోంచి కదల్లేదు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెను సున్నా అంటారు. స్కూల్లో లెక్కల పరీక్షలో వచ్చిన మార్కు అది, ఇక్కడ కోడ్‌నేమ్ అయి కూర్చుంది. ఇప్పుడు ఒక విదేశీ ముఠా బాంబులు పెట్టే చోట్లను సమీకరణాలుగా మార్చి వైర్‌లెస్‌లో పంపుతోంది. వాటిని విప్పగలిగినవాళ్లే కావాలట. చీఫ్ పక్కన నెమలి నవ్వింది. ఆమె కోడ్ సెక్షన్ అధికారి, గోల్డ్ మెడలిస్టు. గదిలోకి ఆమెకంటే ముందు ఆమె సెంటు వస్తుంది.

"నెల టైమివ్వండి సార్. నేర్చుకుంటాను."

"కూడికలే రావు నీకు."

"తుపాకీ కూడా పుట్టుకతో రాలేదు సార్."

సున్నా అత్తగారు రిటైరైన లెక్కల టీచరు. వంటింటి గట్టు మీద సుద్దముక్కతో మొదలుపెట్టింది. సమానం గుర్తు దాటితే ప్లస్ మైనస్ అవుతుంది. వర్గ సమీకరణానికి మూలాలు రెండు. రెంటినీ మళ్లీ సమీకరణంలో పెట్టి, సున్నా వచ్చిందో లేదో చూసేదాకా కోడలికి అన్నం లేదు. సున్నాకి కోపమొచ్చింది, ఏడుపొచ్చింది. సుద్దముక్క విసిరికొట్టి, మళ్లీ తనే ఏరుకుంది. ఆఫీసులో పెట్టిన పేరు సంగతి విని అత్తగారు తేలిగ్గా తీసిపారేసింది.

"సిగ్గెందుకే? సరైన మూలం పెట్టిన ప్రతిసారీ వచ్చేది సున్నాయే."

గడువు ముగిసేలోపే ముఠా సందేశం దొరికింది. టార్గెట్ పెద్దాసుపత్రి. అంతస్తు: ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ పన్నెండు ఈజ్ ఈక్వల్ టు జీరో. నెమలి చిటికెలో విప్పింది. ఒక మూలం నాలుగు, రెండోది మైనస్ మూడు. మైనస్ అంతస్తు ఎక్కడుంటుందంటూ రెండోదాన్ని కొట్టేసింది. చీఫూ, నిపుణులూ తలలూపారు. రుణ మూలం కనిపిస్తే కొట్టేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే అందరూ. నాలుగో అంతస్తు రోగుల్ని సెల్లార్లోకి దించమని కూడా నెమలే సలహా ఇచ్చింది. కంటి ఆపరేషనై, కట్టుతో పడుకున్న అత్తగారు ఆ అంతస్తులోనే ఉంది.

సున్నా ఆసుపత్రికి పరుగెత్తింది. ఆయా వేషంలో ట్రాలీ తోసుకుంటూ లిఫ్టెక్కింది. నాలుగు నొక్కబోయిన వేలు ఆగిపోయింది. బటన్ల వరసలో గ్రౌండ్‌ఫ్లోర్‌కి సున్నా. దాని కింద మైనస్ ఒకటి, మైనస్ రెండు, మైనస్ మూడు.

అలవాటు కొద్దీ మైనస్ మూడుని సమీకరణంలో పెట్టి చూసింది. తొమ్మిది, ప్లస్ మూడు, మైనస్ పన్నెండు. సున్నా.

వెంటనే చీఫ్‌ని రేడియోలో పిలిచి, బాంబు కిందే ఉంది, రోగుల్ని దించొద్దని చెప్పింది. నెమలి లెక్క తప్పదు, ఆర్డర్ పాటించమన్నాడాయన. సున్నా రేడియో ఆపేసి మైనస్ మూడు నొక్కింది.

అట్టడుగున జనరేటర్ గది. తలుపు తీయకముందే సెంటు వాసన తగిలింది. డీజిల్ ట్యాంకు కింద టైమర్ తిరుగుతోంది. నెమలి చేతిలో సైలెన్సర్ పిస్తోలు.

"పైకి పో సున్నా. నీకు లెక్కలు రావు."

"ఒకటొచ్చు. సమానం గుర్తు దాటితే గుర్తు మారుతుంది. నువ్వెప్పుడు దాటావు?"

నెమలి ముఖంలో నవ్వు చెదిరిన క్షణంలోనే ట్రాలీ ఆమె మోకాళ్లకు తగిలింది. పిస్తోలు ట్యాంకు కిందికి జారింది. ఆమె చేతులకు బేడీలు పడ్డాయి. పైకప్పు మీద మంచాల చక్రాలు దొర్లుతున్న చప్పుడు. రోగుల్ని దించేశారు. వాళ్లలో అత్తయ్య ఉందనుకోగానే సున్నాకి చెప్పలేనంత భయమేసింది. పెన్ను మూత తిప్పి, లోపలున్న బ్లేడుతో బ్యాటరీ తీగ కోసింది. టైమర్ ముల్లు చివరి గీత ముందు ఆగింది.

సాయంత్రం చీఫ్ స్వయంగా అత్తగారి మంచం దగ్గరికొచ్చాడు. మీ కోడలు లెక్క సరిగ్గా చేసిందనీ, పొరపాటు తమదేననీ ఒప్పుకున్నాడు. కళ్లకు కట్టుతోనే ఆవిడ కోడలి వైపు తల తిప్పింది.

"స్టెప్పులు రాశావా?"

"లేదత్తయ్యా. మనసులోనే చేశాను."

"అయితే సగం మార్కులే."