వేడెక్కిన గ్రెనాష్

ఆ కోటుగాణ్ణి చూడగానే నాకు ఒళ్లు మండింది.

నేను ఏసీ మెకానిక్‌ని. ఈ వైన్ షాపు వెనక గదిలో కొత్త మెషీన్ బిగించి నెలైంది. చిన్న చప్పుడొచ్చినా ఓనరుగారమ్మాయి నాకే ఫోన్ చేసేది. “వేడెక్కితే వైన్ రుచి పోతుందండీ, త్వరగా రండి!” ఆ ఫోన్లమీదే బతుకుతున్నాను. ఇవాళ ఎలాగైనా మనసులో మాట చెప్పేద్దామని వస్తే, ఆమె పక్కన వీడు!

వీడు ద్రాక్షతోట తరఫు మనిషి. ఆ వెనక గదిలోనే టేబుల్ మీద వాడు తెచ్చిన రెడ్ వైన్. ఆమె తొలిసారి సొంతంగా ఎంచిన వైన్ అది. ఓనరుగారు, అంటే వాళ్ల నాన్న, ఊఁ అంటేనే ఆ వైన్ షాపులోకి వస్తుంది.

“గ్రెనాష్ ద్రాక్ష! ఎనభై ఏళ్ల తీగలండీ,” అన్నాడు వాడు ఆమె వైపు వంగి. “ముసలి తీగకి నాలుగు గుత్తులే కాస్తాయి. రుచంతా వాటిల్లోనే.”

“అవునండీ! ముందు స్ట్రాబెర్రీ, చివర్లో కాస్త మిరియాల ఘాటు...” ఆమె కళ్లు మెరిశాయి.

నా ఏసీని చూసి ఏనాడైనా అలా మెరిశాయా?

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వాడు మాత్రం కోటులో హాయిగా ఉన్నాడు. ఉండు, నీ పని చెప్తానని వెళ్లి ఏసీ కట్టేశాను.

అరగంటకి వాడి నుదుట చెమట పట్టింది. నా కడుపు చల్లబడింది.

అప్పుడొచ్చారు ఓనరుగారు. ఒక్క గుక్క తాగి ముఖం చిట్లించారు.

“ఇదేంటమ్మా, స్పిరిట్ కంపు కొడుతోంది? వద్దులే, పంపించెయ్.”

ఆమె మళ్లీ రుచి చూసింది. ముఖం పాలిపోయింది. “మొన్న ఇలా లేదు నాన్నా... నాకే రుచి తెలీదేమో.”

ఆ మాట నేను భరించలేకపోయాను.

“మీ తప్పు కాదండీ. ఏసీ నేనే ఆపాను. వైన్ వేడెక్కిపోయింది.”

“ఎందుకయ్యా?” అన్నారు ఓనరుగారు.

“ఆయనకి చెమట పట్టాలని. మీ అమ్మాయి ఆయనతో నవ్వుతుంటే... కుళ్లు సార్. నాకు ఆవిడంటే ఇష్టం.”

ఓనరుగారు నావైపోసారి, కూతురివైపోసారి చూసి, సీసాని ఐసు బకెట్లో పెట్టారు. పది నిమిషాలు చల్లబడనిచ్చారు. తర్వాత తాగి, నోట్లో తిప్పి, మళ్లీ పోసుకున్నారు.

“అబ్బ! ఇదీ వైనంటే. తెప్పించమ్మా,” అన్నారు. “ఇతగాడి సంగతి నువ్వే చూసుకో.”

నేను తలొంచుకుని టూల్‌బాక్స్‌తో గుమ్మం దాటబోతే ఆమె అడ్డంగా నిలబడింది.

“కుళ్లట కుళ్లు! వచ్చినప్పట్నుంచీ ఆయన్నే చూస్తూ కూర్చున్నావు. ఒక్కసారి నావైపు చూసుంటే, నేనెవర్ని చూస్తున్నానో తెలిసేది కదా!”