ఎడమకి జరిగిన కారు

రాకేష్‌కి గుండెపోటు రాలేదు. వచ్చిందని ఇద్దరు మెడిక్స్ తేల్చేశారు.

2012 ఫిబ్రవరి ఆరు, సోమవారం సాయంత్రం. డెట్రాయిట్ వెళ్ళే ఐ-96 మీద ట్రాఫిక్ ఆగిపోయింది. కోర్టులో సాక్ష్యం చెప్పడానికి బయల్దేరిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ రాకేష్ ఆ జామ్‌లో ఇరుక్కుని వాచీ చూసుకుంటున్నాడు. వెనక నుంచి సైరన్ మోగించుకుంటూ అంబులెన్స్ వచ్చింది. మెడిక్స్ దిగారు, ఒక ఇంజెక్షన్ పొడిచారు, అతన్ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తీసుకుపోయారు. ఆ అంబులెన్స్ ఏ ఆస్పత్రికీ చేరలేదు. మూడో రోజున రాకేష్ శవం గడ్డకట్టిన సరస్సు ఒడ్డున దొరికింది.

మరుసటి సోమవారం మధ్యాహ్నం డెట్రాయిట్ శివారు నోవైలో, ఒక డెంటల్ క్లినిక్ వెనక గదిలోకి ఏజెంట్ ఉమాకాంత్ అడుగుపెట్టాడు. బయట బోర్డు మీద పళ్ళ బొమ్మ ఉన్నా, లోపల ఉన్నది డెస్క్ నైన్ అనే రహస్య విభాగం. దాని చీఫ్ కేశవరావు ముప్ఫయ్యేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాడు. కోపం వస్తే మాత్రం ఇప్పటికీ ఇంగ్లీషు రాదు.

"ష్టావ్ అంటే తెలుసా?" అన్నాడు చీఫ్.

"జర్మన్‌లో ట్రాఫిక్ జామ్ సార్."

"ఆ పేరుతో ఒక ముఠా ఉంది. జర్మనీలో హాలిడే ట్రిప్పులకి వెళ్ళేవాళ్ళు ఆటోబాన్ హైవేల మీద జామ్‌లు తప్పించుకునే సాఫ్ట్‌వేర్ కావాలని రాకేష్, దామోదర్ అనే ఇద్దరు కుర్రాళ్ళ చేత రాయించారు. తర్వాత దాన్ని తిరగేశారు."

"అంటే?"

"ఫలానా రోడ్డు ఆగిపోయిందని లక్ష ఫోన్లకి దొంగ వార్త పంపుతారు. జనమంతా పక్క రోడ్డుకి మళ్ళుతారు. అక్కడ నిజంగానే జామ్. ఎక్కడ కావాలంటే అక్కడ, ఎవరు కావాలంటే వాళ్ళని ఆపేయగలరు. ముఠా నాయకుడు 'ప్రొఫెసర్' మన చేతిలోనే ఉన్నాడు. ఇవాళ ఐదు గంటలకల్లా దామోదర్ జడ్జి ముందు నిలబడకపోతే వాడు దర్జాగా బయటికి నడుస్తాడు."

"రాకేష్ రూట్ ఎవరికి తెలుసు?"

"నాకు, దామోదర్‌కి, డ్రైవ్ చేయాల్సిన మన ఏజెంట్ రష్మికి. ఆ రోజు రష్మికి జ్వరమొస్తే రాకేష్ ఒక్కడే వెళ్ళాడు. ఇవాళ తనే నడుపుతుంది, దామోదర్ మామగారి వేషంలో నువ్వూ వెళ్ళు." చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నన్ను కూడా అనుమానించు. ఏమీ అనుకోను."

ఉమాకాంత్ అప్పటికే అనుమానిస్తున్నాడు.

దామోదర్ అపార్ట్‌మెంట్‌లో ఉమాకాంత్‌కి వేషం సిద్ధంగా ఉంది. కూతురి దగ్గరికి ఆరు నెలలకి వచ్చిన దామోదర్ మామగారు భీమశంకరం తన మంకీ క్యాప్ తీసి ఇచ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ ఉమాకాంత్ అది పెట్టుకుని, స్వెట్టర్ మీద కోటు వేసుకుని, చేతికర్ర పట్టుకునేసరికి డెబ్భై ఏళ్ళవాడయ్యాడు. చెవిలో మెషీన్ చెవుడుకి కాదు, చీఫ్‌తో మాట్లాడటానికి. కర్ర వంపులో బటన్ నొక్కితే స్టీలు సంకెల బయటికొస్తుంది.

"నడక అలా కాదు బాబూ," అన్నాడు భీమశంకరం. "చేతులు వెనక్కి కట్టుకోవాలి. ఎవరిదైనా గ్యారేజీ తలుపు తీసుంటే ఆగి, ఓసారి లోపలికి చూసి, అప్పుడు కదలాలి. ఇక్కడ మమ్మల్ని ఎవరూ రెండోసారి చూడరు." గొంతు తగ్గించాడు. "మా అల్లుడు వెనక్కి వస్తాడని అమ్మాయికి మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టండి."

ఉమాకాంత్‌కి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఎందుకంటే అతనికి అల్లుడి మీదే అనుమానంగా ఉంది.

దామోదర్ మాత్రం డైనింగ్ టేబుల్ మీద జంతికలు వరుసగా పేరుస్తున్నాడు. "టెస్ట్ డ్రైవ్‌కి జర్మనీలో రెండు నెలలు తిరిగానండీ. అక్కడో తమాషా. జామ్ అవగానే, సైరన్ వినపడకముందే, ఎడమ లేన్ వాళ్ళు ఎడమ అంచుకి, మిగతా అందరూ కుడికి జరిగిపోతారు. మధ్యలో అంబులెన్స్‌కి దారి. అడగక్కర్లేదు, చేతికి అలవాటైపోతుంది." జంతికల మధ్య దారిలో వేలు నడిపించి, ఎడమ వరుసలో ఒకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

చావు వెంట పడుతుంటే ఇంత నిశ్చింత ఏమిటి? ఉమాకాంత్ ఆ సంగతి మనసులో రాసుకున్నాడు.

మూడుంబావుకి కింద బూడిదరంగు కారు ఆగింది. అద్దం దిగింది. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్ళద్దాలు, ఎవరినైనా ఇట్టే బుట్టలో వేసే నవ్వు.

"పెసరట్టులో ఉప్మా ఉందా అమ్మా?" అన్నాడు ఉమాకాంత్.

"అల్లం పచ్చడి మాత్రమే ఉంది అంకుల్."

కోడ్ సరిపోయింది. రష్మి ఫైల్ అతను మూడుసార్లు చదివాడు. పుట్టింది, పెరిగింది నోవైలోనే. ఇండియా తప్ప మరో దేశం చూడలేదు.

పెద్దాయన కాబట్టి ఉమాకాంత్ ముందు సీట్లో, దామోదర్ వెనక కూర్చున్నారు. ఫోన్లన్నీ ఇంట్లోనే వదిలేశారు. ఫ్రీవే ఎక్కకుండా, సిగ్నళ్ళు ఎన్నున్నా సరే, పాత గ్రాండ్ రివర్ రోడ్డు మీదే పోవాలన్నాడు ఉమాకాంత్. ఇరవై నిమిషాలు మంచులో నిదానంగా సాగారు. అప్పుడు వెనక సీటులో ఏదో వెలిగింది.

ఉమాకాంత్ గభాలున తిరిగి దామోదర్ మేజోడులోంచి ఫోన్ లాగాడు. "ఎవరికి చెప్తున్నావ్?"

"ఎవరికీ కాదండీ! జామ్ ఎక్కడుందో చూస్తున్నా. నేను రాసిన కోడ్ కదా, చూడకుండా ఉండలేను..."

"ఓ మై గాడ్! ఇప్పుడు మన రూట్ వాళ్ళకి తెలిసిపోయింది," అంది రష్మి. "అంకుల్, గ్రాండ్ రివర్ వదిలేద్దాం. లాడ్జ్ ఫ్రీవే తీసుకుంటే ట్వెంటీ మినిట్స్‌లో డౌన్‌టౌన్."

మాట సబబుగానే ఉంది. ఫోన్ కిటికీలోంచి మంచులోకి పోయింది, కారు ఎయిట్ మైల్ మీదుగా లాడ్జ్ ఎక్కింది. నాలుగు గంటల ఐదు నిమిషాలకల్లా ముందున్న కార్లన్నీ ఎర్ర దీపాలయ్యాయి.

ట్రాఫిక్ పూర్తిగా ఆగింది. తమ ఫోన్ కనిపించింది గ్రాండ్ రివర్ మీద అయితే, జామ్ లాడ్జ్ మీద ఎలా తయారైంది?

ఉమాకాంత్ వెనక్కి తిరిగి దామోదర్ మొహం చూశాడు. పాలిపోయి ఉంది. అది నటన కాదనిపించింది. అప్పుడు గమనించాడు, కారు మెల్లగా పక్కకి పోతోంది. రష్మి హజార్డ్ లైట్లు వేసి, స్టీరింగ్ ఎడమకి తిప్పి, సిమెంటు గోడకి ఆనుకున్నంత దగ్గరగా ఆపింది. మిగతా కార్లన్నీ తమ లేన్‌లలో నిటారుగా ఉన్నాయి. సైరన్ ఎక్కడా లేదు.

డైనింగ్ టేబుల్ మీద జంతికలు కళ్ళ ముందు కదిలాయి.

"ఎందుకమ్మా ఎడమకి లాగావు?" అన్నాడు మెత్తగా.

"హాబిట్, అంకుల్."

"ఏ ఊరి హాబిట్?"

రష్మి తన చేతుల వంక చూసుకుంది. మొహంలో నవ్వు ఆరిపోయింది. కుడిచెయ్యి కోటులోకి వెళ్ళింది. పిస్టల్ బయటికి రాకముందే ఉమాకాంత్ కర్ర వంపు ఆ మణికట్టు మీద పడింది. క్లిక్. పిస్టల్ లాక్కుని, సంకెల రెండో కొసని స్టీరింగ్‌లోంచి తిప్పి ఆమె ఎడమ మణికట్టుకి తగిలించి, ఆ ఎర్ర స్కార్ఫ్‌తోనే ఆమె నోరు కట్టేశాడు.

వెనక సైరన్ మొదలైంది.

"సారీ దామోదర్, నిన్ను అనుమానించాను. జాకెట్ ఇటివ్వు. ఈ కోటు వేసుకో, టోపీ పెట్టుకో. కుడివైపు గట్టు ఎక్కితే పైన సర్వీస్ రోడ్డు, అక్కడ సిటీ బస్సు దొరుకుతుంది. పరిగెత్తకు. మీ మామగారిలా నడువు."

దామోదర్ జాకెట్ విప్పి ఇచ్చాడు. టోపీ గడ్డం దాకా లాక్కుని దిగాడు. ఉమాకాంత్ అతని జాకెట్ వేసుకుని వెనక సీట్లోకి దూరి తల దించుకున్నాడు.

కార్లు పక్కకి తప్పుకుంటుంటే అంబులెన్స్ దగ్గరికి వచ్చి ఆగింది. వెనక తలుపులు బార్లా తెరుచుకున్నాయి. ఇద్దరు మెడిక్స్ దిగారు. మంకీ క్యాప్ మనిషి చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ళకి ఎదురుగానే నడుస్తున్నాడు. ఉమాకాంత్ అద్దంలో చూస్తున్నాడు. వెళ్ళు, వెళ్ళు.

దామోదర్ ఆగాడు. తెరిచి ఉన్న అంబులెన్స్ లోపలికి తల పెట్టి ఓసారి తీరిగ్గా చూశాడు.

ఉమాకాంత్ పిస్టల్ పిడి బిగించాడు. మామగారి పాఠం ఇంత శ్రద్ధగా ఎవరు చదవమన్నారు!

"గో హోమ్, సర్," అని విసుక్కున్నాడు ఒక మెడిక్, రెండోసారి చూడకుండా. టోపీ గట్టెక్కి మంచులో మాయమైంది.

మెడిక్స్ కారు తలుపు తీశారు. సిరంజి ముందుకొచ్చింది.

"మిస్టర్ దామోదర్?"

"ఆయనకి ఒంట్లో బాగానే ఉంది," అన్నాడు ఉమాకాంత్ ఇంగ్లీషులో, రష్మి పిస్టల్ వాళ్ళకి గురిపెట్టి. "మీరిద్దరూ కాస్త పడుకోండి. నేల మీద."

వాళ్ళనీ రష్మినీ స్టేట్ పోలీసులకి అప్పగించేసరికి ఐదుకి రెండు నిమిషాలు. చెవి మెషీన్‌లో చీఫ్ కోర్టు నుంచి గొణుగుతున్నాడు. ప్రొఫెసర్ లాయరు అప్పుడే ఫైలు మూస్తున్నాడట. ఐదుకి అర నిమిషం ఉందనగా కోర్టు హాలు తలుపు తెరుచుకుంది.

"వచ్చాడయ్యా!" అని అరిచాడు కేశవరావు. "ఎక్స్‌రే స్కానర్‌లో టోపీ గుర్తుపట్టలేక సెక్యూరిటీ వాళ్ళు ఆపేశారట, వెధవలు! బస్సులో ఎలా వచ్చాడు, అంత జామ్‌లో?"

"ష్టావ్ కోడ్ అంతా ఫ్రీవేల కోసమే సార్. సిటీ బస్సుని వాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు."

ప్రొఫెసర్ బయటికి నడవలేదు. దామోదర్ ఆ రాత్రి భోజనానికి ఇంట్లో ఉన్నాడు. రష్మి ఫైల్ దొంగదని తర్వాత తేలింది కానీ, ఎనిమిదేళ్ళు మ్యూనిక్‌లో కారు నడిపిన చేతులు అప్పటికే అన్నీ చెప్పేశాయి.

మిగిలింది ఒక్కటే చిక్కు. మంకీ క్యాప్‌ని కోర్టు సాక్ష్యంగా ఉంచేసుకుంది, కేసు తేలేదాకా ఇవ్వరు. చెవులకి చలిగాలి తగిలి వాకింగ్ మానుకున్న భీమశంకరం రోజూ ఉదయం ఏడింటికి డెస్క్ నైన్ రహస్య నంబరుకి ఫోన్ చేసి టోపీ ఎప్పుడిస్తారని అడుగుతున్నాడు. ఆ నంబరు ఆయనకి ఎవరిచ్చారో ఉమాకాంత్ ఇంకా పరిశోధిస్తున్నాడు.