కాబోయే మామగారికి సాసేజ్‌ల విందు

అమూల్య, చరణ్‌తేజ్‌ల పరిచయం దెబ్బలాటతో మొదలైంది. దుబాయ్‌లో వాళ్ళిద్దరూ పనిచేసే జర్మన్ కంపెనీ ప్యాంట్రీలో ఓ మధ్యాహ్నం భరించలేని వాసన. ఆమె వేడిచేసిన ఎండుచేపల పులుసుదని అతనూ, అతను తెచ్చిన పులియబెట్టిన క్యాబేజీదని ఆమే వాదించుకున్నారు. చివరికి ముదీర్, అదే అక్కడి మేనేజరు, వచ్చి ఇద్దర్నీ డబ్బాలతో సహా బయటికి పొమ్మన్నాడు. మెట్ల మీద మూతులు ముడుచుకుని కూర్చుని, ఉండబట్టలేక ఒకరి డబ్బాలోది ఒకరు రుచి చూశారు. ఆ తర్వాత రోజూ ఆ మెట్ల మీదే భోజనం.

ఏడాది తిరిగేసరికి సంగతి పాలకొల్లు దాకా పాకింది. అమూల్య నాన్న వీరరాఘవరావు గారు, అమ్మ సీతాదేవి గారు విజిట్ వీసా మీద దిగారు. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆ అబ్బాయింట్లో ఒకపూట భోంచేసి చెప్తానన్నారు. నాన్న వద్దంటే ఈ పెళ్ళి చేసుకోనని అమూల్య ముందే మాటిచ్చేసింది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

బిర్యానీ ఆర్డర్ చెయ్యమని ఆమె చరణ్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వింటేగా. జర్మనీలో చదువుకున్న రోజుల్లో నేర్చుకున్న సాసేజ్‌లు తప్ప అతనికి మరో వంట రాదు.

"హోటల్ కూడు పెట్టి మీ నాన్నని మోసం చెయ్యను. నాకొచ్చిందే పెడతా," అన్నాడు.

ఉత్త మొండిఘటం. ఆ మొండితనానికే కదా తను పడిపోయింది అనుకుని అమూల్య నోరు మూసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం బర్ దుబాయ్‌లోని అతని ఫ్లాట్‌కి ముగ్గురూ వెళ్ళారు. చరణ్ చికెన్ సాసేజ్‌లని మరగని వేడినీళ్ళలో కాసేపు ఉంచాడు. నీళ్ళు మరిగితే తోలు పగిలిపోతుందట. తీసి, వెన్నలో ఉల్లిపాయలతో ఎర్రగా వేయించాడు. పక్కన వెనిగర్ కలిపిన ఉడికిన బంగాళాదుంపలు, ఆ పుల్ల క్యాబేజీ, ఇంత ఆవముద్ద. సీతాదేవి గారు ఆవముద్ద నాలిక్కి రాసుకుని, మామిడికాయ ముక్కొక్కటే తక్కువైందన్నారు.

వీరరాఘవరావు గారు కత్తీ ఫోర్కూ పట్టుకుని కుస్తీ మొదలుపెట్టారు. సాసేజ్ పళ్ళెమంతా పరుగులు తీసింది. ఎలాగో ముక్క నోట్లో పడగానే ఆయన మొహం విప్పారింది. హమ్మయ్య అనుకుంది అమూల్య. ఇక ఈ ఆయుధాలు తన వల్ల కాదనుకున్నారేమో, ఆయన రెండింటినీ జతచేసి పళ్ళెంలో ఓ పక్కన పెట్టి, చొక్కా చెయ్యి పైకి మడవసాగారు.

సరిగ్గా అప్పుడే చరణ్ వచ్చి, థాంక్యూ అంకుల్ అంటూ ఆ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అందులో ఇంకో సాసేజ్ అలాగే ఉంది.

ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. సీతాదేవి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గోదావరి జిల్లా మనిషి ముందునుంచి, తింటూ ఉండగా, కంచం తీసెయ్యడం! అంతకంటే చెంప మీద ఒకటి కొట్టినా సర్దుకుపోయేవారు.

ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళారు. అమూల్య వెనకే పరిగెత్తింది.

"కుర్రాడు మంచోడేనమ్మా," అన్నారు మెల్లగా. "కానీ నువ్వు ఆకలేసినా నోరు తెరిచి అడిగే పిల్లవి కాదు. కంచంలోదే తీసుకెళ్ళిపోయేవాడి ఇంట్లో నీకెవరు కొసరి పెడతారు?"

కోపంగా అనుంటే అమూల్య పోట్లాడేది. అంత నెమ్మదిగా అనేసరికి ఆమెకి దుఃఖం పొంగుకొచ్చింది.

వంటింట్లో చరణ్ సింకు దగ్గర దిగాలుగా నిలబడి ఉన్నాడు. మీ నాన్నకి నచ్చలేదు కదా, కత్తీ ఫోర్కూ పక్కపక్కన పెట్టేశారు అన్నాడు. జర్మనీలో అలా పెడితే ఇక చాలు, తీసెయ్యమని అర్థమట.

"చేత్తో తిందామని పెట్టారు మహానుభావా," అంది అమూల్య. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకి.

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. వెంటనే మిగిలిన సాసేజ్‌లన్నీ మూకుట్లో వేయించాడు. బల్ల మీది కత్తులూ ఫోర్కులూ అన్నీ తీసేసి, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు.

"నాకు తెలీక పొరపాటు చేశానండీ. మీరు చేత్తో తినండి. నేను దగ్గరుండి వడ్డిస్తా."

ఆయన చొక్కా చెయ్యి మళ్ళీ పైకి మడిచారు. తిన్నారు. ఆవముద్ద నంజుకుని ఒకటి, క్యాబేజీతో ఇంకొకటి. మళ్ళీ వెయ్యబోతే "చాలు" అని చెయ్యి అడ్డం పెట్టారు. చరణ్ బుద్ధిగా ఆగిపోయాడు. ఆయన వెనక నిలబడిన అమూల్య కళ్ళు పెద్దవి చేసి, వెయ్యి వెయ్యి అని సైగ చేసింది. అతను సందు చూసుకుని ఆ చేతి పక్కనుంచి సాసేజ్ జార్చేశాడు. మీద బంగాళాదుంపలు కూడా వేశాడు.

వీరరాఘవరావు గారు కంచం వంక చూశారు. తర్వాత చరణ్ వంక చూశారు.

"మా అమ్మాయి కూడా ఇలాగే చాలు చాలంటుంది బాబూ," అన్నారు. "నువ్వు నమ్మకు."

సీతాదేవి గారు కళ్ళు తుడుచుకుని, కుర్చీ లాగి కూతుర్ని కూర్చోబెట్టారు. చరణ్ మూకుడు పట్టుకుని అమూల్య పక్కకి వచ్చి ఒక సాసేజ్ వడ్డించాడు. ఆమె సిగ్గుతో తలెత్తకుండా, అలవాటు కొద్దీ చాలంది.

అతను వినిపించుకోలేదు.