చాటింపుకు ముందే

లింగేశ్వరి నమూనా విమానం పొట్ట మూత తీసి చూపుడువేలు లోపల పెట్టింది. కాకిముద్ద ముడుచుకుంది. బతికే ఉంది. వేలు బయటికి తీస్తే జిగురు తీగలా సాగింది. మురిగిన గుడ్డు వాసన. ఆమె మూత బిగించి పక్క బల్ల మీది విమానం దగ్గరికి జరిగింది.

"మేడం, మావాడికి పొద్దున మేత ఎక్కువైంది. జాగ్రత్తగా పొడవండి, కక్కుతాడు," అన్నాడు ఎర్ర టోపీ పైలట్. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. లోపల మేతరసం నిజంగానే పొంగి, అంచుల్లో నురగ కట్టింది. లింగేశ్వరి గుడ్డతో తుడిచింది.

కాకి నరాల నుంచి ముద్దలు పెంచడం వచ్చాక నమూనా విమానాల ప్రాంతీయ పోటీలో ఒక్కటీ కూలడం లేదు. ఎగరేసేది ముద్దే. అయినా పైలట్లు రేడియో పెట్టెలు మెడలో తగిలించుకునే వస్తారు. వాటి మీది నడిపే పుల్లలపై బొటనవేళ్లు ఆనించి ఫోటోలు దిగుతారు.

మనిషే ఎగరేసే చేతి వర్గం ఒకటి ఇంకా మిగిలింది. అందులో ముద్ద ఉండకూడదు. ఈ ఏడు ఆ వర్గంలో ఉన్నది కుళ్లాయప్ప ఒక్కడే. పొలాలకు మందు కొట్టిన పాత రెండు రెక్కల విమానానికి అచ్చు నమూనా ఆయనది. తుప్పు మచ్చలు కూడా కుంచెతో దిద్దాడు. లింగేశ్వరికి ఎగరేయడం నేర్పింది ఆయనే. ఈరోజు ఆయనకు అర్హత మార్కులు రాకపోతే వచ్చే ఏటి నుంచి చేతి వర్గమే ఉండదని నిర్వాహకుడు ప్రసన్న మైకులో చెప్పాడు. చేతి వర్గానికి పొట్ట పరీక్ష లేదు కాబట్టి ఆమె ఆ విమానం మూత తీయలేదు.

పరీక్షలయ్యాక ఆమె పరుగుబాట పక్క గీత దగ్గర గీతమనిషిగా కూర్చుంది. పైలట్ ముందు విన్యాసం పేరు మైకులో చాటాలి, ఆ తర్వాతే విమానం దాన్ని చెయ్యాలి. చాటకముందే చేస్తే సున్న. వంపు, ఎత్తు, వేగం గణకం కొలుస్తుంది. చాటింపు ముందా వెనకా అన్నది మాత్రం గీతమనిషి చెప్పాలి. విమానం దిగేలోగా, ముందైతే పచ్చ మీటో, వెనకైతే ఎర్ర మీటో నొక్కాలి. పూర్వపు ఆచారం, అలాగే ఉండిపోయింది.

ముద్దలకు విన్యాసాల వరస కంఠతా వచ్చు. పొద్దుటి నుంచి ప్రతి విమానమూ ముందే ముక్కు లేపి గాలిలో గుండ్రంగా తిరిగింది, పైలట్ వెనకాల "లూప్!" అని అరిచాడు. లింగేశ్వరి పచ్చ నొక్కింది. గీత దగ్గర కూర్చున్నవాళ్లెవరైనా పచ్చే నొక్కుతారు. మధ్యాహ్నం పులిహోర పొట్లం విప్పి, పచ్చ నొక్కిన తన బొటనవేలు చూసుకుని, తినబుద్ధి కాక మళ్లీ కట్టేసింది.

కుళ్లాయప్ప వంతు వచ్చింది. రెండు రెక్కల విమానం గాలిని చీల్చుకుంటూ పైకి లేచింది. ఆయన మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంటుండగానే అది ముక్కు లేపింది.

"లూప్," అన్నాడాయన, ఆలస్యంగా.

లింగేశ్వరి ఆయన చేతులకేసి చూసింది. పుల్లల మీద వేళ్లు కదలడం లేదు. గాలి ఇటు తిరిగినప్పుడు ఆ మురిగిన గుడ్డు వాసనే తగిలింది.

"మామా, నువ్వు గూడానా?"

ఆయన మైకు మూసి, ఆకాశానికి వీపు తిప్పి, ఆమె వైపు వంగాడు. "చేతులు వణకతాండాయి పాపా. పోయిన నెల ఒకటి కూల్చుకుంటి. ఈ పొద్దు సున్న పడితే మన వర్గాన్నే ఎత్తేస్తారు. పచ్చ నొక్కు."

"అట్ల తిరిగి మాట్లాడతావేంది? విమానాన్ని సూడు మామా."

"దానికి నేనేంటికి?"

ఆయన వెనక విమానం అందంగా బోర్లా తిరిగింది. గుంపు చప్పట్లు కొట్టింది.

"ఎవరికోసం మామా మన వర్గం?" అంది లింగేశ్వరి. "ముద్దకా?"

"నీకు నేర్పింది నేను గదమ్మే."

"నోరు ముందు, చెయ్యి తర్వాత అని నేర్పినావు."

ఆమె ఎర్ర మీట నొక్కింది.

మార్కుల ఫలకం ఒక్క క్షణం చీకటైంది. ఎర్ర మీట నొక్కిన సందర్భం గణకానికి ఇంతవరకూ ఎదురు కాలేదు. తర్వాత ఆమె ముందున్న తెరమీద అక్షరాలు వచ్చాయి: ఇదే నియమాన్ని ఈరోజు ఎగిరిన అన్నిటికీ వర్తింపజేయాలా?

జిగురు ఎండి పొలుసులు కట్టిన వేలితో ఆమె 'అవును' నొక్కింది. ఫలకం మీద ఎగరేసినవాళ్ల పేర్లన్నిటి పక్కనా సున్నలు పడ్డాయి.

ప్రసన్న పరుగున వచ్చాడు. "ఏం చేసినావమ్మా? రాష్ట్ర పోటీకి ఎవర్ని పంపాల?"

"చాటి ఎగరేసినోళ్లని, సార్."

"అట్లాంటోళ్లు ఎవరున్నారు?"

రెండు రెక్కల విమానం మెత్తగా దిగి, దొర్లుకుంటూ వచ్చి కుళ్లాయప్ప కాళ్ల దగ్గర ఆగింది. ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు.

అంతలో వరసలో తర్వాతి విమానం, తన వేళ కాగానే, తానే పరుగుబాట మీదికి కదిలింది. ఎర్ర టోపీ పైలట్ టీ గ్లాసు పారేసి ఉరికి, దాని తోకను రెండు చేతులా పట్టుకున్నాడు. ఇంజను గీపెడుతోంది. మడమలు మట్టిలో జారుతున్నాయి. రేడియో పెట్టె మెడలో ఊగుతోంది.

"మేడం! ఇప్పుడేం చెయ్యమంటారు?"

"పేరు చెప్పండి సార్. మీరు ముందు."

ఆమె మైకు అతని నోటి దగ్గర పెట్టింది. అతను ఖాళీ ఆకాశంలోకి చూశాడు. నోరు తెరిచాడు. ఏ విన్యాసం మొదటిదో అతనికి గుర్తు రాలేదు.