పదకొండు మంది కీర్తిశేషులు

"మా అమ్మమ్మని ఎప్పుడు చంపారండీ?"

రికార్డు రూము గుమ్మంలో బ్లడ్ బ్యాంక్ అమ్మాయి. చేతిలో నేను రాసిన పుస్తకం. తాగుతున్న టీ నాకు కొరబోయింది. ఈ అమ్మాయితో నాలుగు మాటలు మాట్లాడాలని తపించిపోతున్న మాట నిజమే కానీ, మొదటి మాట ఇదవుతుందని కలలో కూడా అనుకోలేదు.

మా ఆసుపత్రికి నూట పాతికేళ్లు. మశూచి వార్డు నుంచి గుండె ఆపరేషన్ల దాకా చరిత్రంతా రాయమని సూపరింటెండెంటుగారు నాకు అప్పజెప్పారు. పుస్తకాలు పొద్దున్నే ప్రెస్ నుంచి వచ్చాయి. సాయంత్రమే ఆవిష్కరణ.

"నలభయ్యో పేజీ చదవండి."

"'ప్రసూతి వార్డులో ముప్పయ్యేళ్లు ఏ తల్లి చెయ్యీ వదలని హెడ్ నర్సు, కీర్తిశేషులు...'" పుస్తకంలోంచి తలెత్తాను. "ఆవిడ మీ అమ్మమ్మా?"

"అవును. షుగర్ టెస్టుకొచ్చి కింద ఓపీలో కూర్చుంది, నిక్షేపంలా!"

"పాత హాజరు పట్టీలో ఆవిడ పేరు చుట్టూ ఎర్రసిరాతో సున్నా ఉందండీ. అలాంటివి పదకొండున్నాయి. పోయినవాళ్లేమో అనుకున్నా."

"పదకొండు మందినీ చంపేశారా!" ఆమె స్టూలు మీద కూలబడింది.

"అవి బ్లడ్ బ్యాంక్ లేని రోజులు బాబూ," అంటూ వెనకనే వచ్చింది అమ్మమ్మగారు. "ఏ వేళ పిలిచినా రక్తం ఇస్తామన్నవాళ్ల పేర్లకి అలా సున్నా చుట్టేవాళ్లు. కాన్పులో రక్తం పోతుంటే ఆ పట్టీ చూసే మాకు కబురు పంపేవారు."

నలుగురి ప్రాణాలు నిలబెట్టినవాళ్లనా నేను చంపింది!

"క్షమించండి అమ్మమ్మగారూ. ఆవిష్కరణ ఆపించేస్తాను. ఉద్యోగం పోతే పోనీ."

"ఆపడమెందుకు? ఎవరున్నారో, ఎవరు పోయారో నేను చెబుతా, ఉన్నవాళ్ల 'కీర్తిశేషులు' మీద కాగితం అంటించు. మిగతాదంతా బాగా రాశావు. ఇంత మంచి మాట నాతో ఎవరూ అనలేదు. పోయాక చెప్తే ఏం లాభం? నువ్వైనా చెప్పాల్సినవాళ్లకి బతికుండగా చెప్పు."

"మీ మనవరాలంటే నాకిష్టమండీ. ఆర్నెల్లుగా చెప్పలేకపోతున్నా."

నా మాటకి నేనే అదిరిపడ్డాను. స్టూలు మీది మనిషి దిగ్గున లేచింది. చెంప పగలడం ఖాయమనుకుని కళ్లు మూసుకున్నాను.

"ఆర్నెల్లేనా?" అందామె. "నేను ఎనిమిది నెలల నుంచి ఎదురుచూస్తున్నా."

నేను ఆ ఆసుపత్రిలో చేరి ఆ రోజుకి సరిగ్గా ఎనిమిది నెలలు.